మంటని మహిమ అనుకున్న ఇంటికి: లేజరు మొహంతో తెనాలి, రేపల్లె ప్రయాణం

మీ మొహం మీద పెత్తనం ఎవరిది? అద్దం ముందు నిలబడి నిజం చెప్పండి. మీదా, అత్తగారిదా, వీధి చివర నిలబడి సలహాలు పంచేవాళ్ళదా? నాకు జవాబు తెలుసు కాబట్టే ఈ ప్రయాణం రాస్తున్నాను. లేజరు చేయించుకుని ఎండలో, దుమ్ములో, బంధువుల మధ్యలోంచి ఇల్లు చేరాల్సిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. సిగ్గుపడి ఎవరూ రాయట్లేదు. నాకు ఆ సిగ్గు లేదు.

నేను ప్రార్థన కూటాల్లో బైబిలు వాక్యం చెప్పే మనిషిని. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. బాపట్లలో మా ఇంట్లో కుట్టుమిషను పక్కన గ్రంథం తెరిచిపెట్టుకుని, పెడలు తొక్కుతూ నాకు నేనే చదువుకున్నాను. నలభై దాటాక గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. మైకు ముందు నిలబడితే మొదటి వరసలో వాళ్ళు వాక్యం మానేసి నా గడ్డం చూసేవాళ్ళు. లేజరు చేయించుకుంటానంటే మాత్రం అందరికీ భక్తి పుట్టుకొచ్చింది. దేవుడిచ్చిన మొహాన్ని మారుస్తావా అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, జుట్టుకి రంగు వేసుకుని మరీ అడిగారు. నేను తెనాలిలో చర్మం డాక్టరమ్మ దగ్గర లేజరు సిట్టింగు రాయించుకున్నాను.

బాపట్లలో పొద్దున్నే రైలెక్కితే టిఫిన్ల వేళకి తెనాలిలో దిగిపోవచ్చు. పాసింజరైతే టిక్కెట్టు టీ ఖర్చంత. గడ్డానికి సిట్టింగు రెండు వేల ఐదొందలు. అరగంట కూడా పట్టలేదు. సన్నటి రబ్బరుబ్యాండుతో చటుక్కుమని కొట్టినట్టుంటుంది, అంతే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది: రెండు మూడు రోజులు ఎర్రబడుతుంది, పొడిబారి చురచురలాడుతుంది. చల్లటి నీళ్ళతో మెత్తగా కడుక్కుని, తుడవకుండా అద్దుకోవాలి. తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజరు రాసుకోవాలి. బయటికొస్తే సన్‌స్క్రీన్, పైన గుడ్డ. పొట్టు లేస్తే గీకకూడదు. ఆవిరి, నలుగు, పసుపు, నిమ్మకాయ, సెంటు ఏవీ దగ్గరికి రానీయకూడదు. ఐసు గడ్డ నేరుగా పెట్టకూడదు, గుడ్డలో చుట్టి కాసేపు ఆనించుకోవచ్చు. బొబ్బలొచ్చినా, నీరు కారినా, మంట తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే ఫోను చెయ్యాలి.

మెట్లు దిగుతుంటే సునీత ఫోను. సునీత మా పిన్ని కూతురు, రేపల్లె కోడలు. మొటిమల గుంటలకని ఆ వారంలోనే అదే డాక్టరమ్మ దగ్గర లేజరు చేయించుకుంది. నా మాట మీదే వెళ్ళింది.

"అక్కా, మొహం మండిపోతోంది. క్రీము అత్తయ్య బీరువాలో పెట్టి తాళం వేసేసింది. రెండు పూటలా ప్రార్థన నూనె రాస్తోంది. సాయంత్రం కూటంలో లేచి, అందం పిచ్చితో తప్పు చేశానని సాక్ష్యం చెప్పమంటోంది."

"బొబ్బలొచ్చాయా?"

"ఇంకా లేదు. పొట్టు లేస్తోంది. నవ్వితే చర్మం చిట్లుతున్నట్టుంది."

"నవ్వకు. నేను వస్తున్నా."

బాపట్ల వెళ్ళే ఆలోచన అక్కడే వదిలేశాను. చున్నీ కళ్ళ కింద దాకా చుట్టుకుని ఆటో పిలిచాను. స్టేషనుకి అరవై రూపాయలు. నడిపే ఆయన గడ్డం నెరిసిన సాయిబుగారు. అద్దంలోంచి చూసి, "ఏంటమ్మా ఆ ముసుగు, బ్యాంకుకేమైనా వెళ్తున్నారా? ముందే చెప్పండి, ఇంజను ఆపకుండా ఉంచుతాను," అన్నాడు.

"లేజరు చేయించుకున్నాను బాబాయ్. ఎండ తగలకూడదు."

ఆయన బండి పక్కకి ఆపి, ఎండ పడేవైపు రెక్సిన్ పరదా దించి కట్టాడు. ఆ రోజు సలహా చెప్పకుండా నాకు జరిగిన సాయం అదొక్కటే.

స్టేషను బయట ఇడ్లీ తింటుంటే పాత్ర మూత తీసినప్పుడల్లా ఆవిరి వచ్చి గడ్డం చురుక్కుమంది. ప్లేటు పట్టుకుని దూరంగా జరిగాను. "ఇడ్లీ బాలేదా అక్కా?" అంది వేసే అమ్మాయి. "ఇడ్లీ బావుంది. నీ పొయ్యికి నా మీద కోపంగా ఉంది," అన్నాను. సంగతి తెలిశాక పసుపు రాయమంది. రేపల్లె రైల్లో, వేమూరు దగ్గర ఎక్కిన పెద్దావిడ నిమ్మచెక్క రుద్దమంది. అడగకుండానే వైద్యం చేసే ఊళ్ళు మనవి. వద్దని నవ్వుతూ చెప్పండి, గట్టిగా చెప్పండి. తెనాలి నుంచి రేపల్లెకి పాసింజరులో గంటా గంటంపావు ప్రయాణం, కానీ రైళ్ళు తక్కువ. వేళలు ముందే చూసుకోండి. ఎక్కాక ఎండ పడని వైపు కిటికీ పట్టుకోండి.

సునీత తలుపు తీసింది. చెంపలు కాల్చిన వంకాయ పొట్టులా లేచి ఉన్నాయి, పైన నూనె మెరుస్తోంది. వెనకాలే వాళ్ళత్తగారు సంతోషమ్మగారు. చెడ్డ మనిషి కాదు. ఆ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు వెళ్ళి మోకరించేది ఆవిడే. ఆవిడ చేతిలో నూనె సీసా ఉంది. కూటంలో అందరూ కలిసి ప్రార్థించిన నూనె, నుదుటికి రాయడం అక్కడి అలవాటు. మూత తీసి వాసన చూశాను. ముక్కు అదిరింది.

"ఇందులో కర్పూరం కలిపారా అత్తయ్యగారూ?"

"కలిపాను. మల్లె సెంటు కూడా. ఉత్త కొబ్బరినూనంటే జనానికి గురి కుదరదమ్మా."

"రాస్తే మండట్లేదా?"

"మండాలి. మంట పుట్టిందంటే మహిమ దిగినట్టే."

ఆ మాట విన్నాక నా గడ్డం మంట మర్చిపోయాను. లేజరు చేసిన పచ్చి చర్మం మీద కర్పూరం పడితే మండక చల్లబడుతుందా? పిల్ల ఎంత ఏడిస్తే అంత మహిమ అనుకుని ఇంకా రాస్తోంది ఈవిడ.

"దారిలో దొంగలు కొట్టిపడేసిన మనిషి కథ నీకు తెలియదా? ఆ గాయాల మీద నూనె పోశారా లేదా?" అంది సంతోషమ్మగారు. గ్రంథం నాకొక్కదానికే తెలుసా.

"ఆ దారిన పోయేవాడు పోశాడు. అందులో మల్లె సెంటు కలిపాడని ఎక్కడుంది? పోసి వదిలేశాడా, కట్టు కట్టి సత్రానికి మోసుకెళ్ళాడా? అదే గ్రంథంలో రాజుగారికి పుండు లేస్తే ప్రవక్త ఏం చేశాడు? దేవుడి మాట చెప్పిన నోటితోనే అంజూరపు ముద్ద తెచ్చి పుండు మీద పెట్టమన్నాడు. మాటా ఉంది, మందూ ఉంది. మీరు మందుని బీరువాలో పెట్టి తాళం వేశారు."

"గడ్డం తీయించుకొచ్చి నాకు వాక్యం చెప్తున్నావా?"

"గడ్డం ఉన్నప్పుడూ ఇదే చెప్పేదాన్ని."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తాళంచెవి బొడ్డులోనే ఉంది. నేను సునీత మొహం ఫొటో తీసి డాక్టరమ్మకి పంపించాను. కాసేపటికి ఆవిడే ఫోను చేసింది. నూనె ఇప్పుడే ఆపాలి, చల్లటి నీళ్ళతో కడిగించాలి, ఇచ్చిన క్రీము తప్ప ఇంకేదీ పెట్టకూడదు, పొద్దున్నే తీసుకురావాలి. ఇంకా రుద్దితే బొబ్బలొస్తాయి, మచ్చలు మిగులుతాయి అంది. సునీత పక్కనే ఉండి అంతా వింది. లేచి కుండలో నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కుంది. ఎవరినీ అడగలేదు.

సాయంత్రం వాకిట్లో చాపలు పరిచారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. పాట అయ్యాక సంతోషమ్మగారు సీసాతో లేచి, "మా కోడలు సాక్ష్యం చెప్తుంది," అంది. నేను ఎదురు చెప్పడానికి వాక్యాలు వరసగా పేర్చుకుని కూర్చున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు.

సునీత లేచింది. "నేను తప్పు చేయలేదండి. గుంటలు పోవాలని చేయించుకున్నాను. మీరందరూ ప్రార్థన చెయ్యండి, మానొద్దు. అత్తయ్య ప్రార్థన నాకు కావాలి. నూనె మాత్రం వద్దు. మండుతోంది."

మూత తీసిన సీసాతో సంతోషమ్మగారు అలాగే నిలబడిపోయింది. అప్పుడు ముందు చాప మీద కాళ్ళు చాపుకున్న ఒక ముసలావిడ చీర కాస్త పైకి లాక్కుని, "ఆ నూనె నా మోకాళ్ళకి రాయవే సంతోషం. ఇంత కర్పూరం ఊరికే పోతుంది," అంది. నవ్వులు పడ్డాయి. సంతోషమ్మగారు నవ్వలేదు. కూర్చుని ఆవిడ మోకాళ్ళకి రాసింది, చాలాసేపు రాసింది. లేచేటప్పుడు బొడ్డులోంచి తాళంచెవి తీసి కోడలి ఒళ్ళో పడేసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున సునీత తెనాలి రైలుకి, నేను బాపట్ల బస్సుకి బయల్దేరాం. సంతోషమ్మగారు తనే తోడు వెళ్తానంది. వీధి చివర గొడుగు తెరిచి పూర్తిగా కోడలి మీదే పట్టింది. ఆవిడ తల మాత్రం ఎండలోనే ఉంది.

"మీకు ఎండ తగులుతోంది అత్తయ్యగారూ," అన్నాను.

"నాకేమన్నా లేజరు చేశారా?" అంది, నా వైపు చూడకుండా.

రేపల్లె నుంచి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్లకి బస్సులో గంటన్నర పైనే. ఆర్డినరీ బస్సులో ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే చాలు, టిక్కెట్టు డబ్బులుండవు. దారి పొడుగునా నా గడ్డం చిటపటలాడుతూనే ఉంది, నేను ముట్టుకోలేదు. ఒళ్ళో సంచిలో గ్రంథం ఉంది, దాని పక్కన క్రీము ట్యూబు ఉంది. రెండూ ఒకే సంచిలో వేసుకున్నందుకు నన్ను ఎవరూ క్షమించక్కర్లేదు. ఒంటిని చూసుకునే మనిషికి విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. మంట నొప్పికి గుర్తు. దాన్ని మహిమ అని పేరు పెట్టి ఓర్చుకోమనేవాళ్ళ మాట నేను వినను, మీరూ వినొద్దు. ప్రార్థన చేసే చేతులకి గొడుగు పట్టుకోవడం కూడా వచ్చు. రేపల్లె వీధిలో నా కళ్ళతో చూశాను.

ప్రయాణానికి ఒక్క మాట: సిట్టింగుకి వెళ్ళేటప్పుడే వాసన లేని క్రీము, పాత మెత్తటి నూలు గుడ్డ, నీళ్ళ సీసా, గొడుగు సంచిలో పెట్టుకోండి, స్టేషన్లో దొరుకుతాయని ఆగొద్దు. ఇప్పటికే మీ మొహం మండుతుంటే పొద్దున దాకా చూద్దాం అనకండి. ఆ నూనె, ఆ పసుపు ఈ క్షణమే కడిగేయండి. క్రీముకి ఎవరైనా తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి. ఇవ్వకపోతే అందరి ముందూ అడగండి. డాక్టరుకి ఈరోజే ఫోను చెయ్యండి, ఇది చదివిన ఫోనుతోనే.