బరువును బట్టి రుసుము

తొంభైల చివర్లో నేను విశాఖపట్నం విమానాశ్రయంలో ఒక విమాన కంపెనీకి సరుకులు బుక్ చేసే గుమాస్తాని. సీతమ్మధార నుంచి స్కూటర్ మీద వెళ్లేవాణ్ణి. మా వీధివాళ్ల లెక్కలో మాత్రం విమానం నడిపేది నేనే.

వారానికి రెండుసార్లు ఒక జాలరి గుడ్లతో ఉన్న తల్లి రొయ్యలు తెచ్చేవాడు. వాటిని నీళ్లూ ఆక్సిజనూ నింపిన సంచుల్లో బతికుండగానే రొయ్యపిల్లల్ని పుట్టించే చెన్నై హేచరీలకు పంపాలి. ఆర్నెల్ల పరిచయంతో నన్ను బావా అని పిలిచేవాడు.

ఒక పొద్దున అతను నాలుగు పెట్టెలతో వచ్చాడు. అవి ఎక్కాల్సిన విమానం ఇంకా సముద్రం మీద చుట్లు కొడుతోంది. ఉన్నది ఒకటే రన్‌వే. దానిమీదికి ముందుగా ఒక బుల్లి విమానం వచ్చింది. అందులోంచి ఒక పారిశ్రామికవేత్త, ఆయన సెక్రటరీ, ఒక పూలగుత్తి దిగారు. ఈలోగా నేవీ వాళ్లు మాకు రన్‌వే ఇచ్చే వేళ దాటిపోయింది. పైనున్న వందమందినీ మోసుకుని మా విమానం హైదరాబాద్‌కి తిరిగిపోయింది.

దిగడానికి ఎవరు ఎక్కువ కడతారని జాలరి అడిగాడు. దిగే రుసుము విమానం బరువును బట్టి ఉంటుందని, బుల్లిదానికి తక్కువేనని చెప్పాను. రద్దీగా ఉండే పొద్దునైనా, కాకులు వాలే మధ్యాహ్నమైనా అదే రుసుము. అందుకే అందరికీ పొద్దునే కావాలి.

అతను పెట్టె మూత మీద చెయ్యేసి అడిగాడు.

"అయితే బావా, దిగినందుకే కర్సు. అడ్డం నిల్సున్నందుకు కర్సు నేదేటి?"

ఇద్దరం పెట్టెల్ని ఆటోలో ఎక్కించి రేవుకి పరుగెత్తాం. సంచుల్లో నీళ్లు మార్చాం. సగం రొయ్యలు బతికాయి. చచ్చినవాటిలో కొన్ని మా ఇంటికి కూరకిచ్చాడు. సిగ్గుపడుతూనే రెండోసారి వడ్డించుకున్నాను.

మర్నాడు పైవాళ్లకి ఉత్తరం రాశాను. రుసుము బరువును బట్టి కాక రద్దీని బట్టి ఉండేలా ప్రభుత్వాన్ని అడగమన్నాను. వాళ్లు అందులో బరువన్న మాట ఒక్కటే చదివినట్టున్నారు. తేలిక విమానాలైతే రుసుములో కలిసొస్తుందని, పెద్దదాన్ని తీసేసి రెండు చిన్నవి వేశారు. రెండూ పొద్దునే. రన్‌వే కోసం వరస ఇంకా పెరిగింది. ఖర్చు తగ్గించే సూచన ఇచ్చినందుకు నాకొక ప్రశంసాపత్రం వచ్చింది.

అప్పటికే జాలరి రొయ్యల్ని రైల్లో పంపుతున్నాడు. ఆలస్యమైనా రైలు వెనక్కి పోదట. స్టేషన్ దగ్గర కనిపిస్తే ఆ పత్రం చదివి వినిపించాను. అతను నవ్వలేదు. నాక్కూడా ఒక టీ చెప్పాడు.