మొలతాడు తెగిన శుక్రవారం

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో ఒక కంపెనీకి పికప్ బండి నడిపేవాణ్ణి. పుట్టుకతో క్రైస్తవుణ్ణే గాని ప్రసంగం మొదలైతే ఆవులింతలు ఆగవు. జింజ్‌లో ఒకరి ఫ్లాటులో శుక్రవారం శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థన కూటం జరిగేది. నేను అక్కడికి వెళ్ళింది, మేమంతా అక్క అని పిలిచే ఒకావిడ కోసం. ఆవిడ మా గోదావరి వైపు మనిషి, రిఫాలో ఒక అరబ్బు ఇంట్లో పని. వారానికి ఆ ఒక్క పూటే సెలవు. ఆ పూట కూడా పాటలు అవగానే లేచి, "హిద్ క్యాంపుకి పోదాం పద తమ్ముడూ" అనేది.

ఆ కూలీల క్యాంపులో ఒకతను మంచం పట్టి ఉన్నాడు. ఉత్తర తెలంగాణ మనిషి. కట్టడం పనిలో పైనుంచి పడి నడుం విరిగింది, కాళ్ళలో కదలిక లేదు. ఆసుపత్రి వాళ్ళు చేయగలిగింది చేసి పంపేశారు. ఊరికి పంపడానికి కంపెనీ ఒప్పుకుంది. ఈలోగా వీపు మీద పుండ్లు పడ్డాయి. అవి మానితే గాని విమానం ఎక్కించడం కుదరదన్నారు. అంటే పుండ్లు మానితే ఇల్లు, మానకపోతే ఆ గదే. ఇంటి దగ్గర భార్య ఉంది, కూతురుంది. "నేను దుబాయికి వచ్చినంక పుట్టింది" అని ఆ పిల్ల ఫోటో అందరికీ చూపించేవాడు. గల్ఫులో ఏ దేశమైనా వాళ్ళకి దుబాయే.

అక్క అతన్ని పక్కకి తిప్పి, గోరువెచ్చని నీళ్ళతో పుండ్లు కడిగి, మందు పూసి కట్టు కట్టేది. మిగతా వారమంతా ఎవరు ఎప్పుడు తిప్పాలో, ఎవరు కడగాలో గదిలోవాళ్ళకి అప్పగించేది. అన్నం సయించడం లేదన్నాడని జొన్నపిండి సంపాదించి గటక కాచింది. గోదావరి మనిషికి గటకేం తెలుసు? మొదటిసారి ఉండలు కట్టింది. "గిది గటక గాదక్కా, సిమెంటు" అన్నాడతను. గది గదంతా నవ్వింది. మంచం పట్టాక అతను నవ్వడం అదే మొదలని తర్వాత చెప్పారు.

దేవుడి మాట మాత్రం ఆవిడ ఎత్తేది కాదు. ఎందుకని నేనే ఒకసారి అడిగాను.

"ముందు మనిషి ఇంటికి చేరాలి గదా తమ్ముడూ. మంచంలో ఉన్నోడికి ఏం చెప్పినా కాదనలేడు. అదేం చెప్పడం?" అంది.

అతని మొలతాడు నీళ్ళూ చీమూ తగిలి పాడైపోయింది. తీసేద్దామంటే బిగుసుకుపోయాడు. "పెండ్లం సచ్చినోడే మొలతాడు తీస్తడక్కా. నా పెండ్లం బతికుంది." అక్క వాదన పెట్టుకోలేదు. మరుసటి వారం మనామా బజారులో నల్లదారం కొనుక్కొచ్చి, కొత్తది కట్టాకే పాతది తీసింది. పుండ్లు తగ్గుముఖం పట్టాయి. ఇలాగే ఉంటే త్వరలో పంపేయొచ్చని కంపెనీ డాక్టరు కూడా అన్నాడు.

అప్పుడు దిగాడు మహానుభావుడు. కూటాలు పెట్టడానికి దేశం నుంచి వచ్చిన బోధకుడు. అక్క సంగతి ఎవరో చెబితే, చూస్తానని మా బండెక్కాడు. క్యాంపు అదిరిపోయేలా ప్రార్థన చేసి కళ్ళు తెరిచేసరికి, పైకి జరిగిన బనీను కింద దారం కనబడింది.

"ఇదెవరు కట్టారు?"

"నేనే అయ్యగారూ" అంది అక్క.

ఆయన మొహం మాడిపోయింది. "రక్షణ గురించి చెప్పకుండా ఇన్నాళ్ళూ ఒళ్ళు కడిగావా అమ్మా? పైగా ఇదొకటి కట్టావా?" అని అతని వైపు తిరిగాడు. "నిన్ను లేపేది దారం కాదు, ప్రభువు. తీసేద్దామా?"

అతను అక్క వైపు చూశాడు. కడిగేది మేము, మందు మాది, గటక మాది. ఏమంటాడు?

"మీ ఇష్టం సారూ."

"వద్దయ్యగారూ, ఆగండి" అని అక్క అంటూనే ఉంది. కట్లు కత్తిరించే కత్తెర తీసుకుని ఆయన పుటుక్కున తెంపేశాడు. హల్లెలూయా అన్నాడు. ఆ చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చేయాలనిపించింది నాకు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అక్క కట్టు విప్పడానికి వంగింది. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గిందుకేనా అక్కా, గిన్నొద్దులు కడిగింది?"

కాదని ఒట్టేసింది. మళ్ళీ దారం తెచ్చి కడతానంది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తర్వాతి శుక్రవారం గదివాళ్ళు గుమ్మంలోనే ఆపేశారు. "నువ్వు రావద్దంటుండు అక్కా. మమ్మల్ని గూడ తిప్పనిస్తలేడు. పెండ్లం సచ్చిపోయింది, మీరు దాస్తున్నరంటుండు." వాళ్ళలో ఒకడు టెలిఫోన్ బూత్ నుంచి ఊరికి ఫోను చేసి, అతని భార్యతోనే మాట్లాడొచ్చి చెప్పినా నమ్మలేదట. తెచ్చిన నీళ్ళ బకెట్టు గుమ్మంలోనే దింపి, ఎలా కడగాలో గదివాళ్ళకి మరోసారి చెప్పి అక్క వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రమే జింజ్‌లో పెట్టిన ప్రత్యేక కూటంలో బోధకుడు లేచి, హిద్‌లో ఒక ఆత్మ రక్షించబడిందని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మధ్యలోనే లేచి వచ్చి నా బండిలో కూర్చుంది. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

పుండ్లు మళ్ళీ తిరగబెట్టాయి. జ్వరం వచ్చింది. బలవంతాన ఆసుపత్రికి మోసుకెళ్ళారు గాని అప్పటికే ఒళ్ళంతా విషమైపోయింది. అతను ఊరికి వెళ్ళాడు, పెట్టెలో.

ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా రిఫా వెళ్ళి, అక్క పనిచేసే ఇంటి గేటు దగ్గర ఈ మాట చెప్పాను. చేతికి సబ్బు నురగతోనే వచ్చింది.

"పెట్టెలో పెట్టేముందు ఒళ్ళు కడిగారా తమ్ముడూ?"

"కడిగారక్కా" అన్నాను.

"ఎవరు కడిగారు?" అంది. "ఎవరిని ముట్టుకోనిచ్చాడు?"