గురువు పేరు తీసేసిన పాట

ముందుగా తప్పెట మోత వినిపించింది, రేకుల కప్పు మీద వడగళ్లు రాలినట్టు. ప్రిస్కిల్లా గడప ముందు ఆగింది. మోత ఆగాక దాలయ్య గుండె మీది తప్పెట విప్పుకుంటూ బయటికొచ్చాడు. కూర్చోమనలేదు.

మీసం మొలిచినప్పటి నుంచీ ఆయన రాజాం చుట్టుపక్కల పల్లెల్లో తప్పెటగుళ్లు ఆడుతున్నాడు. ఆయన కట్టిన గొర్రెలమంద పాటను ఒక ఛానెల్ అడక్కుండా వాడుకుంటోంది. లా కాలేజీలో మేష్టార్ల పర్యవేక్షణలో ఉచితంగా కేసులు చూసే విద్యార్థుల్లో ప్రిస్కిల్లా ఒకతె. ఇదే ఆమె మొదటి కాపీరైట్ కేసు.

ఎవరు కట్టిన పాటకైనా చివరి చరణంలో గురువు పేరు పెట్టడం తప్పెటగుళ్ల బృందాల ఆనవాయితీ. పేరు ఉంది కాబట్టి పాట గురువుదేనని ఛానెల్ వాళ్లు వాదిస్తున్నారు. అందుకే ప్రిస్కిల్లా ఆ చరణం వదిలేసి, మిగతా పాటతో దరఖాస్తు రాసుకొచ్చింది. అది చదివి వినిపించి, కాగితాలు ఆయన చేతికిచ్చింది.

"ఎవుల్నడిగి తీసినావు?" అన్నాడు దాలయ్య.

"అది లేకపోతే పాట మీదేనని తేలిపోద్ది తాతా. సంతకం పెట్టండి చాలు."

"నా కాలికి గజ్జె కట్టినోడి పేరు తుడిసేసి, ఏటి గెలిపిస్తావే నన్ను?"

"మేం మీ పక్షం కదా తాతా."

దాలయ్య కాగితాలు ఆమె చేతిలోకి తోసేశాడు. ఆయన కళ్లలో మధ్యాహ్నపు ఇసుక మండుతోంది.

"పాట ఎత్తుకుపోయిన దొంగలు కూడా గురువు పేరు తియ్యలేదు. నా పక్షమన్న నువ్వు తీసీసినావు. పాట ఆళ్లకాడే ఉండనీ. నువ్వు మరి నా గుమ్మం తొక్కకు."