బొమ్మల కథకు అత్త చెప్పిన అర్థం

మా కింది ఇంటి అత్త పోయింది. ఒంగోలు ఆస్పత్రి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురంలో మా స్కూల్లో, కంప్యూటర్ల గదిలో ఉన్నాను. గురువారం, రెండో పీరియడ్. "అమ్మ పోయినాది పాపా" అన్నది వదిన. ఏడవలేదు. పిల్లలు నావైపు చూస్తున్నారు.

ఆ క్షణాన నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఎల్లుండి శనివారం, పదకొండో ఎపిసోడ్ వస్తుంది, అత్త లేకుండా ఎట్లా చూడాలి అనుకున్నాను.

ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. నాది త్రిపురాంతకం. ఉద్యోగం కోసం మార్కాపురం వచ్చి, వాళ్ళ మిద్దె మీది గదిలో దిగాను. మొదటి రోజు సామాను పైకి చేరుస్తుంటే, "నన్ను అత్తా అను. ఆంటీ అంటే ఎవురినో పిలిచినట్టుంటది" అన్నది. అప్పటి నుంచి ఆమె అత్త. యర్రగొండపాలెంలో ఉన్న వాళ్ళమ్మాయి వదిన.

అత్త పలకల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు పని చేసింది. గనిలోంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, నున్నగా తోమి పంపే పని. ఆమె భర్త గనిలో పని చేసి, దగ్గి దగ్గి పోయాడు. నేను వచ్చేనాటికి ఆమె ఆ పని మానేసింది. చలికాలం వస్తే పాత చీరలతో బొంతలు కుట్టి ఇచ్చేది. వీధిలో సగం ఇళ్ళలో ఆమె కుట్టిన బొంతలే. చదువు రాదు. "దేశమంతా నేను తోమిన పలకల మీద దిద్దుకున్నాది. నేను మాత్రం ఒక్కటన్నా రాయలేదు" అని నవ్వేది. ఆ మాటలో బాధ ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు.

ఇక ఆ బొమ్మల కథ సంగతి. నాకు జపాన్ యానిమే, అంటే కదిలే బొమ్మల కథలంటే పిచ్చి. దసరా తర్వాత ఒక కొత్త సీరియల్ మొదలైంది. పన్నెండు ఎపిసోడ్లు, వారానికి ఒకటి, మనకు శనివారం సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. కథ అంత తేలిగ్గా అర్థమయ్యేది కాదు. ఒక ఊరు. ఊరి మధ్యలో ఎక్కడికో పోయే మెట్లు. పైన మూసిన తలుపు. ఆకాశం నుంచి ఎప్పుడూ తెల్లటి పొడి రాలుతుంటుంది. మేక తల ఉన్న పోస్టుమ్యాన్ ఇంటింటికీ ఉత్తరాలు పంచుతాడు, వాటిలో ఒక్క అక్షరమూ ఉండదు. ఒక చిన్నపిల్ల రోజూ ఆ మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోతుంది. ఏ ఎపిసోడ్ అయినా అక్కడే ఆగుతుంది. దేనికీ జవాబు చెప్పరు.

దాని గురించి మాట్లాడుకోవడానికి ఆన్‌లైన్‌లో మాకొక తెలుగు గ్రూపు ఉంది. ఎపిసోడ్ అయిపోగానే మొదలయ్యేది రభస. మేక అంటే ఏమిటి, తలుపు మరణమా జన్మా, తెల్లపొడి మతిమరుపా పాపమా. ఒక్కొక్కరు రెండేసి పేజీలు రాసేవాళ్ళు. అందరికంటే బాగా రాసేది గిద్దలూరు నుంచి ఒక స్కూలు టీచరు. ఆవిడ ఒప్పుకుంటే గ్రూపంతా ఒప్పుకున్నట్టే.

రెండో శనివారం అత్త పైకి వచ్చింది. వాళ్ళ టీవీ చెడిపోయింది. "ఏందో ఒకటి పెట్టు పాపా, చెయ్యి ఆడతా ఉంటే చెవికి తోడుండాల" అని బొంత ముందేసుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. నేను నా ల్యాప్‌టాప్‌లో ఇదే పెట్టుకున్నాను. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో వస్తుంటే తెలుగులో చదివి చెప్పాను. మేక పోస్టుమ్యాన్ రాగానే ఆమె సూది ఆపింది.

"ఆ కాగితాల్లో ఏమీ లేదా?"

"లేదత్తా. అదే ఎవరికీ అర్థం కావడంలేదు."

"అర్థం గాకపోవడానికేముంది? నేను కాపురానికొచ్చిన కొత్తలో మా నాయన కురిచేడు నుంచి ఎవురితోనో రాయించి కార్డులేసేవాడు. నాకు సదువు రాదు గదా. పోస్టుమ్యాను చదివి చెప్పి పోయినాక గూడా ఆ కార్డు పట్టుకొని కూచునేదాన్ని. రాసింది కనపడకపోయినా, నాయన పంపినాడని తెలుస్తాది. ఆ ఊరోళ్ళూ అంతే. ఏం రాసినారని చూడటంల్యా. వచ్చిందా రాలేదా అని చూస్తన్నారు."

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు గ్రూపులో పెట్టాను. ఒక్కసారిగా మెసేజ్‌లు కురిశాయి. ఎవరీ అత్త, ఇంకేం చెప్పింది అని. ఆ వారం నుంచి ఎపిసోడ్ అయిపోగానే అందరూ మొదట అడిగేది ఒకటే: అత్త ఏమన్నది?

ఆమె చెప్పినవన్నీ వాళ్ళకు నచ్చేవని కాదు. తెల్లపొడి గురించి అడిగితే, "దుమ్ము పాపా. యాడో ఏదో ఫ్యాక్టరీ ఉంటది" అన్నది. గిద్దలూరు టీచరు, "పెద్దావిడ మరీ ఉన్నదున్నట్టు చూస్తున్నారు, ఇది ప్రతీక కదా" అని రాసింది. నాకు రోషం వచ్చి ఆ మాట అత్తకు చెప్పాను. ఆమె దారం కొరికి తెంపి నవ్వింది. "పాపం ఆమెకు దుమ్ములో పనిల్యాకపోయినాదిలే. మంచిదే గదా" అన్నది.

ఆరో వారమో ఏడో వారమో, గ్రూపులో మెట్ల మీద పెద్ద వాదన నడుస్తోంది. పిల్ల సగంలో ఎందుకు ఆగుతుంది? తలుపంటే భయమని కొందరు. కాలం ఆగిపోయిందని టీచరు. నేను కూడా ఏదో పెద్ద సిద్ధాంతం తయారు చేసుకొని అత్తకు వివరిస్తున్నాను. ఆమె తెర వైపు చూస్తూనే, "ఆ పిల్లకు ఆయాసం" అన్నది.

"ఏంటత్తా?"

"ఊపిరి అందటంల్యా. పైకి పోలేక కూచుంటాంది. కూచునే ముందర చూడు, వంగి చెప్పు సర్దుకుంటాది. ఎవురన్నా చూస్తే చెప్పు ఊడిందనుకోవాల గదా."

వెనక్కి తిప్పి చూశాను. నిజమే. మొదటి ఎపిసోడ్ నుంచి ప్రతిసారీ, కూర్చునే ముందు ఆ పిల్ల వంగి చెప్పు పట్టీ సర్దుకుంటుంది. అన్ని వారాలు అంతమందిమి చూశాం. ఒక్కరికీ కనపడలేదు. ఆ రోజు గ్రూపు ఊగిపోయింది. టీచరు కూడా, "ఇది నేను ఊహించలేదు, అత్తగారికి నమస్కారం" అని రాసింది. నేను ఆ పొగడ్తలన్నీ అత్తకు చదివి వినిపించాను. సంబరపడింది. బొంతలో మొహం దాచుకున్నంత పని చేసింది.

ఆమెకు అది ఎట్లా తెలిసిందో మాత్రం నేను అడగలేదు.

ఇది చదువుతున్న మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకే తెలియలేదు. నా గదికి పద్దెనిమిది మెట్లు. ప్రతి శనివారం అత్త ఆ మెట్లెక్కి వచ్చేది. తలుపు దగ్గర నిలబడి నేను ఎదురుచూసేదాన్ని. ఆమె సగంలో ఆగి, గోడ పట్టుకొని, వంగి చెప్పు సర్దుకునేది. నా కళ్ళతో చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? చెప్పులు పాతబడ్డాయనుకున్నాను. బజారుకు పోయి కొత్త జత తెచ్చాను. ఆమె వాటిని తిప్పి తిప్పి చూసి, "బాగుండాయి పాపా, నాకు సరిగ్గా సరిపోయినాయి" అన్నది. మరుసటి వారం కొత్త చెప్పులను కూడా సగంలో ఆగి సర్దుకుంది.

తొమ్మిదో శనివారం ఆమె పైకి రాలేదు. "ఈ వారం నువ్వే కిందికి పట్టుకరా" అని కేకేసింది. ల్యాప్‌టాప్ తీసుకొని దిగాను. చూస్తున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. మధ్యలో దగ్గు వచ్చింది. ఎంతకీ ఆగలేదు. మంచినీళ్ళ కోసం లేచి, గ్లాసు వెతుకుతూ బియ్యం డబ్బా జరిపితే, వెనక ఒక పెద్ద కవరు దొరికింది. లోపల ఎక్స్‌రే ఫిల్ము, డాక్టర్ రాసిన చీటీ. రెండేళ్ళ కిందటివి. ఫ్యాక్టరీ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్ అప్పుడే రాశాడు. ఇంకా ఎక్కువవుతుందే గానీ తగ్గేది కాదనీ రాశాడు.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద అరిచాను.

"వదినకు కూడా చెప్పలేదా? నాకన్నా చెప్పొద్దా?"

దగ్గు తగ్గేదాకా చెయ్యెత్తి ఆగమన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మీ మామకు వచ్చినప్పుడు చూసినా పాపా. అందరూ వచ్చి కూచునేవాళ్ళు. ఎవురూ ఆయన మొగం చూసేవాళ్ళు గాదు. రొమ్ము ఎట్ల ఎగురుతాందో చూసేవాళ్ళు. నేను గూడా అంతే. ఆయన మాట్లాడతాంటే మాట ఇనేదాన్ని గాదు, ఊపిరి లెక్కబెట్టేదాన్ని. ఒకనాడు అడిగినాడు, నేనేం చెప్తినో చెప్పు అని. చెప్పల్యాకపోయినా." కొంగుతో నోరు తుడుచుకుంది. "నువ్వు నా మాట ఇంటన్నావు. ఇని, ఎవురెవురికో రాసి పంపిస్తన్నావు. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు."

మర్నాడే వదినకు ఫోన్ చేశాను. కంది చేను కాపలా ఎవరికో అప్పజెప్పి వచ్చి, ఆమె తల్లిని ఒంగోలు తీసుకుపోయింది.

పదో శనివారం నేను మధ్యాహ్నం బస్సుకు ఒంగోలు వెళ్ళాను. అత్త మొహానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూడగానే కళ్ళతో ఫోన్ వైపు చూపించింది. ఆరున్నరకు ఫోన్ ఆమె దిండు పక్కన నిలబెట్టి, చిన్న గొంతుతో మాటలు చదివాను. వదిన పక్కన నిలబడి వింటున్నది. ఆ ఎపిసోడ్‌లో మేక తల పోస్టుమ్యాన్ మెట్ల దగ్గరికి వస్తాడు. సంచీ కింద పెట్టి, ఏమీ మాట్లాడకుండా ఆ పిల్ల పక్కన కూర్చుంటాడు. అంతే. చివరిదాకా కూర్చునే ఉంటాడు.

అత్త మాస్కు పక్కకు లాగింది. నేను వారించే లోపే, "ఆ మేక మంచోడు" అన్నది. నర్సు వచ్చి కోప్పడి మాస్కు సరిచేసి పోయింది. అత్త నా వైపు చూసి, రాయమన్నట్టు వేళ్ళు ఆడించింది. ఆమె ముందే గ్రూపులో రాశాను. పంపించానని చూపించాను. ఆమెకు చదవడం రాదు. అయినా ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసింది.

నేను ఆమె రొమ్ము వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. పూర్తిగా చేతకాలేదు.

ఆ తర్వాతి గురువారమే నేను మొదట చెప్పిన ఫోన్.

పదకొండో ఎపిసోడ్ చూడలేదు, చివరిదీ చూడలేదు. చివరిది వచ్చిన మర్నాడు, ఆదివారం, పెద్దకర్మ. భోజనాలవుతుండగా నలభై ఏళ్ళావిడ ఒకరు గేటు దగ్గర నిలబడి నా కోసం అడిగింది. గిద్దలూరు నుంచి పొద్దున రైలుకు వచ్చానని చెప్పింది. అత్త ఎట్లా పోయిందో, పెద్దకర్మ ఎప్పుడో, ఎక్కడో నేను గ్రూపులో పెట్టిన మెసేజ్ చూసి వచ్చిందట. నాకు వెంటనే అర్థమైంది.

"దుమ్ము గురించి అట్ల రాసింది నేనే" అన్నది. "ఆమెకు చెప్పినారా మీరు?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"మీకు దుమ్ములో పని లేకపోవడం మంచిదే అన్నది."

ఆవిడ అక్కడే, చెప్పులు కూడా విప్పకుండా, గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను అప్పటిదాకా ఏడవలేదు. ఎవరో తెలియని ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఆగలేదు.

తిరుగు రైలుకు ఇంకా టైముంది. ఇద్దరం పై గదిలో కూర్చొని ఆ రెండు ఎపిసోడ్లు చూశాం. చివర్లో పిల్ల మెట్లన్నీ ఎక్కుతుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపల ఏముందో చూపించరు. తెర నల్లబడి, ఒక నిమిషం పాటు ఊపిరి శబ్దం మాత్రం వినిపిస్తుంది. సులువుగా, నిదానంగా తీసుకుంటున్న ఊపిరి. ఆ పిల్లకు ఏమైందో చివరికీ చెప్పలేదు. "గ్రూపులో రాత్రి నుంచి కొట్టుకుంటున్నారు" అన్నది టీచరు. "నేనేమీ రాయలేదండీ." నేనూ రాయలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం వదినను చూడటానికి యర్రగొండపాలెం వెళ్ళాను. వాళ్ళ చేను ఊరి బయట, నల్లమల అంచున. కంది కాయ పట్టి ఉంది. గట్టు మీద కూర్చోబెట్టి, "ఆస్పత్రిలో చూసినాము గదా, ఆ బొమ్మల కథ. ఏమైపోయినాది?" అని అడిగింది. మొదటి నుంచి చెప్పాను. తలుపు తెరుచుకోవడం, చీకటి, ఆ ఊపిరి శబ్దం, అన్నీ. ఆమె తలవంచుకొని విన్నది.

"దీనికి అమ్మైతే ఏమని ఉండేది?"

ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. ఏదో ఒకటి చెప్పి ఆమెను ఊరడించవచ్చు. కానీ అత్త ఎప్పుడూ నేను అనుకోనిదే చెప్పేది. ఆమె గొంతుతో నేను ఒక్క వాక్యం కూడా కల్పించలేకపోయాను. "తెలియదు వదినా" అన్నాను.

అప్పుడే అడవి వైపు నుంచి చిలకల గుంపు ఒకటి అరుచుకుంటూ వచ్చి మా ఎదుట కంది చాళ్ళ మీద వాలింది. వాటిని తోలడానికి తెచ్చుకున్న రేకు డబ్బా వదిన ఒళ్ళోనే ఉంది, కర్ర చేతిలో ఉంది. ఆమె లేవలేదు, డబ్బా కొట్టలేదు, తిననీలే అన్నట్టు చూస్తూ కూర్చుంది. కొమ్మలు ఊగుతున్నాయి, కాయలు చిట్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. పొద్దు కొండ వెనక్కి దిగేదాకా అవి తింటూనే ఉన్నాయి.