ఎండబెడితే పెరిగిన ధాన్యం

పోయినవి ఇవి: మూడు గుడ్డసంచుల వరి ధాన్యం, ఇరవై నాలుగు రోజుల ఎండ, నా సర్వీసు పుస్తకంలో మచ్చలేని ఒక పేజీ. అదనంగా, పై అధికారి ముందు మా అమ్మ నన్ను తిట్టకుండా ఉన్న రికార్డు.

1973 డిసెంబరులో నేను రాయపూర్ దగ్గర బీర్‌గావ్‌లో గ్రామసేవక్‌ని. వ్యవసాయ శాఖలో రైతుకు అతి దగ్గరగా ఉండే చివరి మెట్టు అది. ఉర్లా వైపు అప్పుడు ఫ్యాక్టరీల బదులు వరిమళ్లు ఉండేవి. నాకు అప్పగించిన పని పంట కోత ప్రయోగం. ఆఫీసు ఇచ్చిన పట్టికలో వచ్చిన అంకెను బట్టి మడి ఎంచి, అయిదు మీటర్ల చదరం కొలిచి, కోసి, నూర్చి తూస్తారు. అందులోంచి కిలో ధాన్యం సంచిలో పోసి, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెడతారు. వరుసగా రెండు తూకాలు ఒకటైతే ఎండినట్టు. తర్వాత ఆ ధాన్యం రైతుకు తిరిగి ఇవ్వాలి.

పట్టిక చూపించిన మూడు మళ్లూ బుధారూ అనే చిన్న రైతువే. ఆ ఏడు వాన మధ్యలో ముఖం చాటేసింది. ఎండిన ధాన్యం లెక్కన పంట మామూలులో సగానికి తక్కువని తేలితే ఊరికి శిస్తు వాయిదా పడుతుంది. నమూనా లేకపోతే ఆఫీసు జిల్లాకంతటికీ ఒకే ఎండు తరుగు వేస్తుంది. అది వేస్తే ఊరు సగానికి వెంట్రుకవాసి పైన తేలేది. కనుక ఆ సంచులు ఎంత ఎండితే ఊరికి అంత మేలు.

సంచులు మా ఇంట్లోనే ఎండబెట్టి, మూడేసి రోజులకు తూచేవాణ్ణి. ప్రతి తూకానికీ బుధారూ వచ్చి నా నోటుబుక్కులో వేలిముద్ర వేసేవాడు. అది రూలు కాదు, నా చాదస్తం. మొదటి సంచి రెండుసార్లు 882 గ్రాములు, రెండోది రెండుసార్లు 881. మూడోది ఇంకా దిగుతూ 889 దగ్గర ఉంది. అప్పుడు నన్ను నాలుగు రోజుల శిక్షణకు పంపారు.

తిరిగొచ్చిన రోజే గణాంక విభాగం నుంచి తివారీ సాబ్ చివరి తూకానికి మా ఇంటికి వచ్చారు. మొదటి సంచి కిలో నూట నలభై తూగింది. రెండోది కిలో నూట అరవై. మూడోది తూచకముందే ఆయన కళ్లజోడు తీసేశారు.

"అరే రావ్, దేశమంతా ఎండకు ధాన్ సూఖ్ జాతా హై. నీ ఇంట్లో ఉబ్బిపోతుంది క్యా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. మాది విజయనగరం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, బియ్యం కొనుక్కు తినే ఇల్లు. నేను లేనప్పుడు పుష్య పౌర్ణమి వచ్చింది. ఆ రోజు ఇక్కడ ఛేర్‌ఛేరా పండగ. పాడుతూ గుమ్మంలోకి వచ్చినవాళ్లకు ధాన్యమే ఇవ్వాలి, లేదనకూడదు.

"సంచీల మీద అంకెలేసినావు గానీ గవర్మెంటుదని ఎక్కడ రాసినావురా? త్యోహార్ పూట గుమ్మంలో నిలబడి అడిగితే నేదని ఎలాగంటాను? మర్నాడే పక్కింటికాడ బదులు తెచ్చి నింపీసినాను. పైన దోసెడు ఎక్కువే ఏసినాను. మనమేటి తక్కువోళ్లమా?"

తర్వాత నా చెవిలో, "ఎక్కువైంది తీసీ, సరిపోద్ది" అంది. ఎంత తీయాలో గ్రాముతో సహా నాకు తెలుసు. చిక్కు కూడా అక్కడే ఉంది. తీస్తే ఊరికి శిస్తు వాయిదా, నాకు మచ్చలేని పేజీ. కానీ అది బుధారూ పొలంలో పండిన ధాన్యం కాదు.

జరిగింది చెప్పి నోటుబుక్కు ఇచ్చాను. తివారీ సాబ్ వేలిముద్రలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. మొదటి రెండు సంచులకు వరుస తూకాలు సమానం కాబట్టి అంగీకరించారు. మూడోదాన్ని కొట్టేశారు. నాకు అజాగ్రత్త కింద మెమో ఇచ్చారు. రెండు సంచుల సగటుతో ఊరు సగానికి కిందే నిలిచింది, శిస్తు వాయిదా పడింది.

పోయిన ధాన్యానికి బదులు ఇవ్వబోతే బుధారూ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఛేర్‌ఛేరాలో వెళ్లిన ధాన్యం వాపస్ తీసుకుంటారా సాహబ్? పుణ్యం నాది, మెమో మీది!"

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండే. తూచిన వెంటనే సాక్షి ముందు రాయాలి. నమూనా ఇంట్లో ఉంచితే అది దేనికో ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి.

శాఖ నియమం ప్రకారం ధాన్యం రైతుకు చేరాలి. చేరలేదు. నేటికి బుధారూకు రావలసింది ఒక కిలో ఏడువందల అరవై మూడు గ్రాములు, తేలని మూడో సంచి కాక.