మా స్టేషన్‌లో దిగలేని ఎంపీ

మా ఎంపీ సారుది పార్లమెంటులో చివరి బెంచీ. ఉల్లి ధరతో మొదలుపెట్టినా, సరిహద్దు గొడవతో మొదలుపెట్టినా, ఢిల్లీ రైలును కేసముద్రం పక్కనున్న మా చిన్న స్టేషన్‌లో ఆపమనే ముగించేవారు. చంద్రుడి మీదికి పోయే రాకెట్‌నూ ఇక్కడ ఆపమన్నారని ఊరంతా చెప్పింది నేనే.

రైలు ఆగక, ఆయనా డోర్నకల్ దాకా పోయి ఆటోలో వెనక్కి వచ్చేవారు. ఓసారి అలా ఆటో దిగుతుంటే, డయాలసిస్ కోసం వరంగల్ దవాఖానకు తిరిగే మా పెద్దమ్మ నిలదీసింది.

"నువ్వే దిగలేకపోతివి, నన్నేం ఎక్కిస్తవ్ బిడ్డా?"

తర్వాతి సమావేశాల్లో ఆయన ఉల్లినీ సరిహద్దునూ వదిలేసి, ఆమె మాటనే సభకు చెప్పి కూర్చున్నారు. రైలు నిమిషం ఆగడం మొదలైంది. పెద్దమ్మ మోకాళ్లకు ఆ నిమిషం చాలలేదు. సారు పదవిలో ఉన్నంతకాలం రెండో నిమిషం అడుగుతూనే ఉన్నారు.