ఉప్పు చూడమని వచ్చిన మనిషి

దొరసానమ్మ పోయిందని మా ఊరి పాస్టరుగారు పోయిన వారం ఫోను చేసి చెప్పారు. తన దేశంలో, కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయిందట. పక్కనే ఉన్న అమ్మకు చెప్పాను.  అమ్మ, "కడుపుకు తిని పండుకున్న్యాదో లేదో" అంది. ఆ మాట ఎందుకందో మీకు తెలియాలంటే మా కరువు ఏడాది గురించి చెప్పాలి.

మాది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. ఆమె, ఆమె భర్త చర్చి తరఫున సేవ చేయడానికి సముద్రాలు దాటి వచ్చి, మా ఊళ్ళో రేకుల ఇంట్లో నాలుగేళ్ళున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. తెల్లమనిషి కాబట్టి ఊరు దొరసానమ్మ అంది, అంతే. బోరింగు దగ్గర అందరిలాగే బిందెతో నిలబడేది. ఎవరైనా ముందుకు దూరితే, "ఏమ్మే, నాది బిందె కాదా?" అని మా ఆడవాళ్ళకు దీటుగా పోట్లాడేది. దేవుడి సంగతి చెప్పమంటే, "ముందు తిందాం పాపా, ఆయన యాడన్నా పోతాడా?" అనేది.

ఆ ఏడాది వానల్లేవు. నాయన వేయించిన నాలుగో బోరులోనూ దుమ్మే లేచింది. చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, నిలువునా ఎండిపోయాయి. నాయన గోడవైపు తిరిగి పడుకుని, పిలిచినా పలికేవాడు కాదు. పక్కింటాయన పురుగుల మందు తాగి చనిపోయిన రోజు, అమ్మ మా ఇంట్లో ఉన్న మందు డబ్బాను తీసుకెళ్ళి దిబ్బలో పూడ్చి వచ్చింది. మిగిలింది విత్తనానికి దాచిన ఒక్క మూట వేరుశనక్కాయ. అదీ తినేస్తే ఇక సేద్యం లేదు.

చర్చి ముందు షెడ్డులో దొరసానమ్మ వాళ్ళు మధ్యాహ్నాలు గంజి పోసేవాళ్ళు. ఊరంతా వెళ్ళేది, మేము తప్ప. ఆ వరుసలో ఉన్నవాళ్ళు మొన్నటిదాకా మా చేలో కూలికి వచ్చి, మా వాకిట్లో అమ్మ చేతి సంగటి తిన్నవాళ్ళు. వాళ్ళ వెనక గిన్నె పట్టుకుని నిలబడడం అమ్మ వల్ల కాలేదు.

ఒకరోజు దొరసానమ్మే మూత పెట్టిన గిన్నెతో మా గడప ముందుకొచ్చింది. "ఏమ్మే, ఉప్పు సరిపోయిందేమో చూడు. మీ ఉప్పు నాకు తెలీదు" అంది. ఉప్పు చూడడానికి నలుగురు తినేంత గంజి! అమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుని, నిజంగానే ఆలోచించి, "రవ్వంత తక్కువుండాదమ్మా" అంది. ఆమె తలూపి, గిన్నె రేపు తీసుకుంటానని వెళ్ళిపోయింది. అప్పటినుంచి రోజూ అదే తంతు. ఒకసారి మా చెల్లెలు, "రేపు పెద్ద గిన్నె తే అవ్వా, నేనూ ఉప్పు చూస్తా" అంటే అమ్మ దాని వీపు మీద ఒక్కటేసింది. మరునాడు పెద్ద గిన్నే వచ్చింది.

మధ్యలో జ్వరమొచ్చి ఆమె మూడు రోజులు రాలేదు. మూడో రోజు అమ్మ విత్తనపు మూట విప్పింది. కాయలు వలుస్తూ అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను. దొరసానమ్మే లేకపోతే ఆ ఏడాది మా ఇంట్లో ఎవరో ఒకరం పోయేవాళ్ళం. ఈ మాట అమ్మ ముందు ఇప్పటికీ అనలేను.

ఇంతలో వాళ్ళ వీసా గడువు అయిపోయింది. "రేపు మద్యాన్నం బస్సుకు పోతాండాం. ఇంక నువ్వే లైనుకు రావాల" అంది దొరసానమ్మ.

"సచ్చినా రానమ్మా" అంది అమ్మ.

"నువ్వు సావవు. పిల్లోల్లు సస్తారు."

ఆమె అంత మొరటుగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ తలుపు వేసుకుంది.

మరునాడు ఆమె, ఇకమీద గంజి పోసే చర్చివాళ్ళకు గరిటె ఇచ్చి, తానే ఖాళీ గిన్నె పట్టుకుని వరుస చివర నిలబడింది. మా గడపలోంచి అంతా కనిపిస్తోంది. వరుస ముందుకు జరిగినా ఆమె జరగలేదు. తర్వాత వచ్చినవాళ్ళను తన ముందుకు పంపింది. ఎండకు మెడ ఎర్రగా కమిలిపోయింది. రోడ్డు మీద బస్సు హారను కొడుతోంది. భర్త పెట్టె పట్టుకుని పిలుస్తున్నాడు. ఆమె కదల్లేదు.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గిన్నె తీసుకుని, ఊరి మధ్యలోంచి నడిచి వెళ్ళి, ఆమె వెనక నిలబడింది. దొరసానమ్మ తల తిప్పలేదు. ఆమె ముందున్న వాళ్ళలో కూడా ఒక్కరంటే ఒక్కరు వెనక్కి తిరిగి చూడలేదు.